పురుటి గదిలో పుర్రె బొమ్మ

ఎర్ర రంగు పలక ఒకటి చంకలో పెట్టుకుని, సుత్తి మేకులు పట్టిన మనిషిని వెంటేసుకుని డాక్టరు మా ఇంట్లోకి వచ్చినప్పుడు మా జేజి మజ్జిగ చిలుకుతోంది. కవ్వం ఆపలేదు. ముందు పలకను చూసింది, తర్వాత మేకులను చూసింది, ఆ తర్వాతే డాక్టరు మొహం చూసింది. ఆమె ఎవరినైనా అంతే. చేతిలో ఏముందో తేలాకే మొహం జోలికి పోతుంది.

కర్నూలు ఇంకా రాజధానిగా ఉన్న రోజులవి. మాది ఆదోనిలో పత్తి వ్యాపారం చేసే ఇల్లు. నన్ను ఎమ్మిగనూరుకు ఇచ్చారు. తొలి కాన్పుకని పుట్టింటికి వచ్చాను. మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది కాబట్టి నాకు తల్లయినా తగువయినా నాన్నను కన్న ఆ జేజే. ఇంట్లో పడమటి సగం నాన్న ఒక డాక్టరుకు బాడుగకిచ్చాడు. ఆయన అందులో ఎక్స్‌రే మిషను పెట్టాడు. మిషను గదికీ మా లోపలి గదికీ మధ్య ఒకటే గోడ. ఆ లోపలి గది మాకు పురుటి గది. మా నాన్న అక్కడే పుట్టాడు, నేనూ అక్కడే పుట్టాను. మా ఇంటి ఆడది ఇంకో చోట కనడమన్న మాటే లేదు.

మిషను వచ్చినప్పటి నుంచీ వీధిలో ఎవరి అనుమానం వాళ్ళది. అది కోక కట్టుకున్నదాన్ని కట్టుకోనట్టు చూపిస్తుందని ఆడవాళ్ళు ఆ గది కిటికీ ముందు నడవడం మానేసి ఎదురు వసారా కిందుగా పోయేవాళ్ళు. నేను నవ్వేదాన్ని. నవ్వుతూనే నేనూ ఆ వసారా కిందుగానే పోయేదాన్ని.

డాక్టరు పలక తిప్పి చూపించాడు. పైన పుర్రె, కింద అడ్డంగా రెండు ఎముకలు, దాని కింద ‘ప్రమాదం, దగ్గరకు రాకూడదు’ అని తెల్లటి అక్షరాలు.

“పెద్దమ్మా, ఇది మీ లోపలి గది గోడకు కొట్టిస్తాను. గోడకు నాలుగడుగుల ఇవతల ఒక కొయ్య అడ్డు కూడా కట్టిస్తాను. దాన్ని దాటి ఎవరూ పడుకోకూడదు, కూర్చోకూడదు” అన్నాడు.

“పురుటి గదిలో పుర్రె బొమ్మా?” జేజి కవ్వం ఆపింది. “నెలలు నిండిన పిల్ల ఉండాది ఇంట్లో. నీకేమన్నా బుద్ధుండాదా నాయనా?”

“ఆ అమ్మాయి కోసమే చెబుతున్నాను. మిషను చూడడానికి కంపెనీ మనిషి వచ్చాడు. గోడకు అవతల కూడా హెచ్చరిక ఉండాలన్నాడు.”

“మిషను పెట్టిన పొద్దు ఏమన్నావు? రెండు మూరల గోడ, ఈగ కూడా ఇవతలికి రాదన్నావు. నిన్న లేని ప్రమాదం ఇయ్యాల యాడనుంచి ఊడిపడింది?”

డాక్టరు ఇప్పుడూ ఏమీ రాదనీ, ఊరికే జాగ్రత్త కోసమనీ ఏదో చెప్పాడు. ఏమీ రానప్పుడు పుర్రె ఎందుకు, వచ్చేటట్టయితే ఇన్నాళ్ళూ చెప్పలేదెందుకు? నాకూ ఒళ్ళు మండింది. పైగా అక్కడ ఎక్స్‌రే తీసే ఆయన, రోగిని మిషను ముందు నిలబెట్టి, తాను మాత్రం సీసం రేకు కొట్టిన తడిక వెనక్కు పోయి దాక్కోవడం నేను కళ్ళారా చూశాను. జేజి డాక్టరునూ మేకుల మనిషినీ పలకతో సహా వాకిలి దాటించి తలుపు వేసింది. సాయంత్రం నాన్నతో చెబితే, పత్తి సీజనులో ఆయనకు ఇల్లెక్కడ కనబడుతుంది, మీరూ మీరూ చూసుకోండి అన్నాడు.

జేజికి అసలు గుబులు పుర్రె కాదని మర్నాడు తెలిసింది. నాన్న దుకాణానికి పోగానే తలుపులన్నీ మూసి, నన్ను లోపలి గదిలోకి పిలిచి, గోడ మీద ఒకచోట చేత్తో తట్టింది.

“ఈడ గూడుండాది. రజాకార్ల భయమప్పుడు మీ తాత ఇంటి వెండి సామానంతా ఇందులో పెట్టి, బండ అడ్డం పెట్టి మెత్తించినాడు. ఎముకలు కనపడే మిషనుకు వెండి కనపడకుండా ఉంటాదా అమ్మీ? వాడు చూసినాడు. అందుకే మనల్ని గోడ కాడికి రావొద్దంటాండాడు. మనం అడ్డు ఇవతల, వాడు గోడ అవతల. తొలుసుకుని పోతే మనకు తెలిసేది యాడ?”

నవ్వొచ్చింది గానీ, నవ్వలేకపోయాను. నిజంగానే ఎందుకు రావొద్దంటున్నాడు మరి? జేజి గునపంతో సున్నం రాల్చింది. బండ జరిగింది. చెంబులు, కంచాలు, హారతి పళ్ళెం, పన్నీరు బుడ్డి అన్నీ ఒక్కొక్కటే తీసి నా చేతికిచ్చింది. నేను చీరలో చుట్టి, తీసుకుపోయి జొన్నల గాదెలో పూడ్చాను. గూడు ఖాళీ అయ్యాక లోపలికి తల పెట్టి చూశాను. వెనక ఒక్క వరస ఇటుక, అంతే.

అప్పుడే అవతల నుంచి మాట వినబడింది. “గాలి గట్టిగా పీల్చు. ఆ... బిగబట్టు.” చెవి పక్కనే చెప్పినట్టుంది. ఆ వెంటనే మిషను గుయ్యిమంది.

జేజికి ఆ మాటల మీద ధ్యాస లేదు. పగలగొట్టిన గోడ చుట్టాల కంట్లో పడకూడదని ఆమె బాధ. బండ మళ్ళీ పెట్టే ఓపిక మా ఇద్దరికీ లేదు, మేస్త్రీని పిలిస్తే ఊరంతా చాటింపు. అందుకని గూటికి పాత చీర ఒకటి వేలాడదీసి, నా మంచం తలవైపు దానికి ఆనించి జరిపింది. నేను అక్కడే పడుకున్నాను. పగలంతా తల దగ్గర అదే మాట. ఎవరో దగ్గేవాళ్ళు, మిషను గుయ్యిమనేది. ఒక్కోసారి నాకు తెలియకుండా నేనూ ఊపిరి బిగబట్టేదాన్ని.

రోజులు గడిచేకొద్దీ నా మనసు కుదురు తప్పింది. మాట ఇంత బాగా వస్తుంటే, ఆ కనబడనిది మాత్రం రాకుండా ఆగుతుందా?

“కనపడందానికి భయపడితే ఇంగ బతికినట్లే!” అని జేజి కసిరింది.

ఎక్స్‌రే తీసే ఆయనది నందవరం దగ్గర పల్లె. కడిగిన ఫిల్ములు పెరట్లో తీగకు ఆరేసుకునేవాడు. పిట్టగోడ మీదుగా ఆయన్నే అడిగాను. ఆయన నల్ల కాగితంలో చుట్టిన ఫిల్ము ఒకటి ఇచ్చాడు.

“కాగితం ఇప్పొద్దమ్మా. దీన్ని నిలబెట్టి, దీనికీ గోడకూ మధ్యన ఏదన్నా ఇనుప సామాను పెట్టు. పొద్దుగూకినాక ఇయ్యి, కడిగి చూపిస్తా. అంత గోడ దాటి ఏం రాదులేమ్మా, నీ అనుమానం తీరితే చాలు.”

ఈయనా డాక్టరు మనిషే, ఈయన్ని మాత్రం నమ్మేదెట్లా? అందుకని ఏం పెట్టబోతున్నానో చెప్పలేదు. జేజి పూజలో ఉండగా ఆమె అడకత్తెర తీసి, గూట్లో ఫిల్ముకూ ఇటుకకూ మధ్యన పెట్టి, చీర దించాను. ఉక్కపోస్తోందని వంక పెట్టి ఆ పగలంతా వసారాలో కూర్చున్నాను. సాయంత్రం అడకత్తెర దాని సంచిలో పెట్టేసి, ఫిల్ము మాత్రం పిట్టగోడ మీదుగా ఇచ్చాను.

మర్నాడు ఆయనే మా పెరటి వాకిట్లోకి వచ్చాడు. చేతిలో కడిగిన ఫిల్ము.

“అమ్మా, ఇది అడకత్తెర గదా? యాడ పెట్టినావమ్మా దీన్ని? ఆడ గోడుండాదా లేదా?”

ఫిల్ము లాక్కుని జేజి దగ్గరికి పోయాను. ఆమె దాన్ని ఆకాశానికి ఎత్తి చూసింది. మబ్బు రంగులో తెల్లగా అడకత్తెర. ఒక పిడి కొంచెం వంకర.

“ఇది నాది” అంది. వెంటనే నా వైపు అనుమానంగా చూసింది. “దీన్ని ముందే వానికి చూపించినావా?”

“లేదు జేజీ. ఒట్టు.”

“యాడ పెట్టినావు?”

“గూట్లో. నా తల కాడ.”

జేజి చెయ్యి నా కడుపు మీదికి వచ్చింది. వచ్చి, తాకకుండానే వెనక్కు పోయింది. ఆ తర్వాత ఆమె అరిచిన అరుపు వీధి చివరిదాకా వినబడి ఉంటుంది. “ఇంగ ఆ గదిలో కాలు పెట్టొద్దు! ఆ డాక్టరును పిలవండి!” మంచాన్ని ఒక్కతే ఈడ్చుకుంటూ, ముందు హాల్లోకి, నాన్న బేరగాళ్ళకు చూపే పత్తి మచ్చులు పోసుకునే చోటికి తెచ్చిపడేసింది.

డాక్టరు వచ్చి చీర ఎత్తి గూడు చూశాడు. సరిగ్గా దాని వెనకే అవతల రోగులను నిలబెట్టేది.

“గూడు ఉందని మొదట్లోనే చెప్పి ఉంటే...” అన్నాడు.

“గోడ మందమని నువ్వు చూడకుండానే ఎట్ల సెప్పినావప్పా? తొలిసింది నేనే. నా కర్మ. ముందు మూయించు. ఆ బొమ్మ తెచ్చి కొట్టు, అడ్డం కట్టు, ఏమన్నా చేసుకో!”

మేస్త్రీ వచ్చి గూడు పూడ్చి, అవతలి పక్క సీసం రేకు కొట్టేదాకా మిషను ఆగింది. మా పురుటి గదిలో పుర్రె బొమ్మ వెలిసింది, కొయ్య అడ్డు లేచింది. పోబోతున్న డాక్టరును నేనే ఆపి అడిగాను, బిడ్డకేమైనా అవుతుందా అని. “ఏమీ కాదమ్మా, ఏమీ కాదు” అన్నాడు. నా మాట పూర్తికాకముందే అన్నాడు. అందుకే నమ్మలేదు.

పత్తి మచ్చుల మధ్య, ముందు హాల్లో కన్నాను. ఆడపిల్ల. మంత్రసాని బొడ్డు కోసిందో లేదో, జేజి బిడ్డను వెలుతురులోకి తీసుకుపోయి వేళ్ళు విడదీసి చూసింది, చెవులు మడిచి చూసింది, నోరు తెరిచి అంగిలి చూసింది. “అంతా బాగుండాది” అంది. బాగానే ఉంది కూడా. కాకపోతే పీలగా ఉండేది, పాలు సరిగ్గా పట్టేది కాదు, ఊరికే ఒళ్ళు కాలేది. ఏ బిడ్డకు రాదు జ్వరం? అని నాకు నేనే చెప్పుకునేదాన్ని. చెప్పుకుంటూనే, బిడ్డ ఒళ్ళు కాలిన ప్రతిసారీ నా కళ్ళు జేజి మీదికి పోయేవి. ఆమె గమనించేది. మెల్లగా, నేను చూస్తుండగా బిడ్డను ఎత్తుకోవడం మానేసింది.

బిడ్డకు అయిదో నెలలో ఎమ్మిగనూరు పయనమయ్యాను. జేజి బస్సు దాకా వచ్చింది. నేను ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాక, ఊచలు పట్టుకుని అడిగింది.

“నా మీద నీకు అనుమానమే గదా అమ్మీ?”

లేదని చెప్పి ఆ ముసలిదాని మనసు నిమ్మళపరచొచ్చు. నోరు రాలేదు. ఆమె మీద కోపం, ఆమె అంటే ప్రాణం, రెండూ నిజమే.

“అవును జేజీ” అన్నాను.

ఏడుస్తుందనుకున్నాను. ఆమె తలూపింది.

“ఉండనీ. ఆడ మీ అత్త మీద పెట్టుకో, మందిచ్చే డాక్టరు మీద పెట్టుకో, నా మీదా పెట్టుకో. బిడ్డను మాత్రం ఎవురి మాటా నమ్మి యాడా పండబెట్టొద్దు.”

బస్సు కదిలింది. అప్పుడు చెయ్యి లోపలికి చాచి బిడ్డ పాదం ముట్టుకుంది.