డిస్కులో ఉన్న గడపలు

తవిటయ్యకి నేను బావని. చుట్టరికం ఏమీ లేదు. నాది తణుకు దగ్గర పల్లె, అతనిది ఉక్కు ఫ్యాక్టరీ కోసం ఖాళీ చేసిన ఊరు. గాజువాకలో ఇరవై ఏళ్లుగా పక్కపక్క వాటాల్లో ఉంటున్నాం, అంతే. ఫ్యాక్టరీలో కరెంటు పని చేసేవాణ్ణని, కంప్యూటర్ మొరాయించినా నన్నే పిలుస్తాడు. నాకు రాదు మొర్రో అన్నా వినడు.

అతనికో చిన్న ఫోటో స్టూడియో. ఊరు ఖాళీ చేసే రోజుల్లో, పెళ్లయి ఆర్నెల్లయినా కాకముందే, ఎవరిదో కెమెరా పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాడట. ఒక్కో కుటుంబాన్నీ వాళ్ల గడప దగ్గర నిలబెట్టి ఫోటో తీశాడు. నాలుగు వందల పన్నెండు ఇళ్లు. సముద్రపు గాలికి ఆ నెగెటివ్‌లు బూజు పడుతుంటే, 2001లో అన్నిటినీ స్కాన్ చేసి కంప్యూటర్లో దాచాడు. తర్వాత నెగెటివ్‌లు అతుక్కుపోయి ఎందుకూ పనికిరాలేదు. ఆ ఊరివాళ్లు ఇప్పటికీ వస్తారు. ఇంట్లో పెళ్లయినా, పెద్దాళ్లు పోయినా, "మా గడప ఫోటో ఒకటి తీసియ్యి తవిటయ్యా" అంటారు.

2006 వానాకాలంలో ఆ కంప్యూటర్ లోపల టిక్కు టిక్కుమని చప్పుడు మొదలైంది. డిస్కు పోయేముందు వచ్చే చప్పుడది. సీడీలు రాసేది అంతకుముందే చెడిపోయింది. డిస్కు ఊడదీద్దామంటే, కదిపితే ఆ కాస్త ప్రాణమూ పోతుందేమోనని నాకే జంకు.

"బావా, ఇది పోతే మా ఊరు రెండోసారి పోయినట్టే" అన్నాడు. ఎప్పుడూ నవ్వే మనిషి, ఆ రోజు నవ్వలేదు.

ద్వారకానగర్ వెళ్లి కొత్త హార్డ్ డిస్కు కొనుక్కొచ్చాడు. అరచేతిలో పట్టేంతది, బయటినుంచి వైరుతో తగిలించేది. దాని వైరుకి రెండు పిన్నులు. ఒక్కదాంట్లోంచి వచ్చే కరెంటు చాలదు కనక రెండూ గుచ్చాలి. పాత కంప్యూటర్ దాన్ని గుర్తుపట్టడానికి కావలసింది ఫ్లాపీలోంచి ఎక్కించాను. కంప్యూటర్లో ఆ పిన్నులు గుచ్చే రంధ్రాల్లో వెనకున్నవి తుప్పుపట్టిపోయాయి. ముందువైపు, కింద, ఇంతవరకూ వాడని రెండే దిక్కు. పిన్నులు బిగుతుగా ఉంటే కొత్తవి కదా అనుకుని నొక్కి పెట్టాను. లైటు వెలగలేదు.

"నీకు పాడైన డిస్కు అంటగట్టారు, పో, మార్చుకురా" అని అరిచాను. వానలో బస్సెక్కి వెళ్లాడు. కొట్టువాళ్లు తగిలించి చూపించారట, బ్రహ్మాండంగా పనిచేసిందట. తిరిగొచ్చాడు. మళ్లీ తగిలించాం. మళ్లీ అంతే. లోపల టిక్కు టిక్కు మాత్రం ఆగలేదు.

ఒళ్లు మండి నేలమీద బోర్లా పడుకుని టార్చి వేశాను. రెండు రంధ్రాల నిండా పసుపు! ఎండి గట్టిపడిన పసుపు.

"ఎవరయ్యా ఇందులో పసుపు మెత్తింది? బుద్ధుందా?" అన్నాను.

కాఫీ తెస్తున్న ఆదిలక్ష్మమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. తవిటయ్య భార్య. కళ్లనిండా నీళ్లు.

"నానే అన్నయ్యా. శుక్రవారం శుక్రవారం దీని కింది అంచుకి రాత్తన్నాను. ఊళ్లో గడపలన్నీ ఇందులోనే ఉన్నాయని ఈయనే సెప్పాడు. గడపకి పసుపు రాయకుండా ఎలాగుంటాను?"

నాకు సిగ్గేసింది. తవిటయ్య కంప్యూటర్ ఆపేసి, చీపురుపుల్ల తెచ్చి, తనే పొడిపొడిగా గీకసాగాడు. నేను స్పిరిట్‌తో తుడిచాను. ఆవిడ విసనకర్ర పట్టుకుని విసిరింది.

ఈసారి లైటు వెలిగింది. మధ్యాహ్నం ఒంటిగంటకి కాపీ మొదలుపెడితే, పూర్తయ్యేసరికి సాయంత్రమైంది. ముగ్గురం కదలకుండా కూర్చున్నాం. ఆ చప్పుడు కాస్త ఆగితే చాలు, నా గుండే ఆగినంత పనయ్యేది. నాలుగు వందల పన్నెండూ వచ్చాయి. మూడోనాటికి పాత డిస్కు పోయింది.

కొత్తదాంట్లో అతను ముందుగా తెరిచింది తన ఇల్లే. గడప పక్కన పద్దెనిమిదేళ్ల ఆదిలక్ష్మమ్మ, చేతిలో పసుపు గిన్నె.

శుక్రవారం పొద్దున నేను వెళ్లేసరికి ఆవిడ అదే గిన్నెతో దూరంగా నిలబడి ఉంది, దగ్గరికి రావడానికి భయపడుతూ. తవిటయ్య డిస్కుని మూతున్న చెక్కపెట్టెలో పెట్టి, పెట్టెని ఆవిడ ముందుకు జరిపాడు.

"ఏటలా సూత్తన్నావు? ఇదిగో గడప. రాయి" అన్నాడు.