అన్నకు ఎదురుపోయే సైకిల్

"ఏం పర్పస్ కోసం సార్?" అని అడిగిండు సైకిళ్ల షాపాయన.

నేను ఏడో తరగతితోనే బడికి దండం పెట్టినోణ్ని గని, పర్పస్ అంటే ఏందో తెల్వనంత అమాయకుణ్ని కాదు. జవాబు ఎట్ల చెప్పాలెనో తెల్వలే, అంతే. మా అన్నను దొరకబట్టడానికి అంటే ఆయన ఏమనుకుంటడు? అందుకని, "రోజూ పనికి పోవాలె. మట్టి తొవ్వల మీద పోవాలె. అవసరమైతే భువనగిరి దాంక సుత పోవాలె" అన్న.

"అంటే కమ్యూటింగు, ట్రయలు, టూరింగు. మూడు రకాల సైకిళ్లు సార్ అవి."

"నాకున్నయి రెండే కాళ్లన్నా. ఒక్కదాంట్లనే సర్దు."

ఆయన నవ్విండు. పద్మారావు నగర్‌ల ఆ షాపుకు వచ్చేటోళ్లంత పొట్ట తగ్గించుకుందామని వచ్చేటోళ్లే. నాకు సుత పొట్ట ఉన్నది గని, నా పరేషాన్ వేరే. మాట్లాడుకుంటనే అద్దంలకెళ్లి బయటికి చూస్తున్న. మొగులు కమ్ముతున్నది. వాన పడితే మా అన్న లేచి పోతడు.

మా అన్న రైల్వేల పట్టాల మీద నడిచే పని చేసిండు. వానకాలమొస్తే పట్టాల కింద మట్టి కొట్టుకపోయిందా, చెట్టు గిట్ల పడ్డదా అని చూసుకుంట, చేతుల లైటు, జెండాలు పట్టుకొని మౌలాలి దగ్గర్నుంచి తన బీటంత నడిచేటోడు. బీటంటే ఆయన వంతుకొచ్చిన పట్టాల ముక్క. రిటైరై చానా ఏండ్లాయె. ఇప్పుడు మతి నిలుస్తలేదు. పొద్దున తిన్నది మర్చిపోతడు, నా పేరు మర్చిపోతడు, సొంత ఇంట్ల బాత్‌రూం ఏ దిక్కున్నదో మర్చిపోతడు. వాన సప్పుడు చెవుల పడితే మాత్రం డ్యూటీ యాదికొస్తది. మెల్లగ తలుపు తీసుకొని పట్టాల దిక్కు పోతడు. దగ్గరి సప్పుడే సగం వినబడతది ఆయనకు. ఎనక నుంచి రైలొస్తే అని షురూ చేసిన మాటను మా ఇంట్ల ఎవ్వరం పూర్తి చెయ్యం.

ఇంట్ల అంటే ముగ్గురమే. అన్న, వదిన, నేను. వాళ్లకు పిల్లలు లేరు, ఆ లోటు నేనే తీర్చిన. నన్ను సాకినంక వాళ్లకు ఇంకొకరిని కనే ధైర్యం రాలేదని నేనంట. నాకు పెండ్లి కాలే. ఎవ్వరూ పిల్లనియ్యలేదని వదిన అంటది. చానా మంది ఆడపిల్లలను కాపాడిన అని నేనంట.

పోయినసారి అన్నను రైల్వే పోలీసులు ఇంటికి తెచ్చి దింపిన్రు. "జెర చూసుకోవాలమ్మా, అన్నిసార్లు ఇట్ల తెచ్చుడు మా చేతుల ఉండదు" అని మంచిగనే చెప్పి పోయిన్రు. వాళ్లు పోయినంక వదిన గడప మీద కూసొని నా దిక్కు చూసింది.

"తాళం పెట్టు."

నా బతుకుదెరువే అది. ఏ.ఎస్. రావు నగర్‌ల రోడ్డు పక్కన గొడుగు కింద తాళంచెవులు చేస్త.

"ఏ తాళం వదినా?"

"ఊరందరి తాళాలు తీస్తవు గదా. మీ అన్న రూముకు ఒకటి వెయ్యి. బయటినుంచి."

"బీరువాకు వేస్తరు, షట్టరుకు వేస్తరు. అన్నకు వేస్తరా ఎవరన్న?"

"నువ్వు జోకులేసేలోపు ఆయన చర్లపల్లి దాటుతడు. వెయ్యనంటే ఏం జేస్తవో చెప్పు."

ఏం జేస్తనో నాకు తెల్వదు. నోటికొచ్చింది అన్న. ఇంకొక్కసారి పోతే నేను తీసుకొస్త, తేలేకపోతే నా చేతులతోనే గొళ్లెం బిగిస్త అన్న. ఆమె సరేనన్నట్టు చీరె కొంగు దులుపుకొని లేచింది.

అంతకుముందు స్కూటర్ మీద పోయి చూసిన. హెల్మెట్ పెట్టుకొని ఎనకనుంచి పోతే అన్న నన్ను ఇన్‌స్పెక్టర్ అనుకున్నడు. నడుస్తనే సెల్యూట్ కొట్టి, డబుల్ స్పీడుల ముందుకు పోయిండు. కంకరల స్కూటర్ కూలబడ్డది. నా జన్మల నాకొక్కరు సెల్యూట్ కొట్టిన్రు, దానితోనే నా అన్న నాకు దొరకలే. ఉరుకుదామంటే నా ఊపిరి మా గల్లీ మూల దాటదు. ఆటో అంటారా, రోడ్డు లేని కాడికి ఆటో ఎట్ల వస్తది? అందుకనే స్కూటర్ అమ్మి ఈ షాపుకొచ్చిన.

షాపాయన ముందుగాల సన్న టైర్లది చూపెట్టిండు.

"రోడ్డు మీద బాణం లెక్క పోతది సార్."

"రోడ్డు దిగినంక?"

"దిగొద్దు సార్."

తర్వాత లావు టైర్లది, ముందల స్ప్రింగులున్నది. గుట్టలెక్కుతదంట. తొక్కి చూసిన. తారు రోడ్డు మీద అది బురదల నుంచి లేస్తున్న బర్రె లెక్క మూలుగుతున్నది. "దీని మీద నేను పొయ్యేలోపు మా అన్న నడిచిపోయి వాపసొస్తడు" అన్న. మా అన్న ఎవరని ఆయన అడగలే. అడిగితే బాగుండు అనిపించింది.

మూడోది మూలకున్నది. టైరు సన్నగ లేదు, లావుగ లేదు. ఇనుప బాడీ, కొన్ని గేర్లు, మడ్‌గార్డులు, ఎనక క్యారియర్ బిగించనీకె బోల్టుల జాగ.

"హైబ్రిడ్ అంటరు సార్ దీన్ని. దేంట్ల సుత ఫస్టు రాదు, దేంట్ల సుత ఫెయిల్ కాదు."

"నాకంటె నయమే. క్యారియర్ మీద మనిషి కూసోవచ్చునా?"

"లగేజీ కోసం సార్ అది. మనిషిని కూసోబెట్టొద్దు."

"మా లగేజీ మాట వినదన్నా. ఉన్నదాంట్ల గట్టిది బిగియ్యి."

ఆ వారమంత ఎండ కాసింది. నేను దర్జాగ సైకిల్ మీద పనికి పోయిన. పక్కన జ్యూస్ బండాయన, "ఏంది, డాక్టర్ చెప్పిండా?" అని అడిగితే, "డాక్టర్‌కు నేనే చెప్పిన" అన్న. ఎండ కాసినంతసేపు నా నోరు మంచిగనే పనిచేస్తది.

తర్వాత ఒకనాడు తెల్లారంగ జల్లు పడ్డది. వదిన నా తలుపు కొట్టింది. "పోయిండు" అన్నది, అంతే.

చర్లపల్లి దాటినంక పట్టాల పక్క కాలిబాట మీద ఆయనను పట్టుకున్న. ఈసారి ఇంజన్ లేదు, హెల్మెట్ లేదు. బెల్లు కొడితే ఎనకకు తిరిగి చూసిండు గని, ఆగలే.

"ఇంటికి పోదాం అన్నా. ఎనక కూసో."

"బీటు అయిపోలే."

"ఎప్పుడైతది?"

"అవుతలాయన రావాలె" అని నడుస్తనే ఉన్నడు.

చెయ్యి పట్టుకుంటే ఇదిలించుకున్నడు. కాలిబాట దిగి పట్టాల దిక్కు ఒరిగిండు. అప్పుడే ఎనకనుంచి రైలు కూత. నేను సైకిల్ ఇడిచిపెట్టి అంగి పట్టుకొని గుంజిన. అంగి చినిగింది, ఇద్దరం కంకర మీద పడ్డం, రైలు పోయిందాంక ఆయన మీద పండుకొని ఉన్న. ఒక్క జోకు రాలే నాకు. దగ్గర పొలంల ఉన్న ఇద్దరు మనుషులు ఉరికొచ్చిన్రు. ఆయన మళ్ల పట్టాల దిక్కే పోతుంటే, వేరే దిక్కు లేక, తువ్వాలతోని చేతులు కట్టి ట్రాలీ ఆటోల పండబెట్టి తెచ్చినం. ముడి నేనే వేసిన. తొవ్వంత ఆయన నన్ను, "ఎందుకు కట్టిన్రు సార్, నేనేం తప్పు చేసిన సార్?" అని అడిగిండు. నన్ను సార్ అన్నడు మా అన్న.

కట్టేసి తెచ్చుడు తెచ్చుడు కాదు గదా, సాయంత్రం చెప్పిన మాట ప్రకారం స్క్రూడ్రైవర్ తీసిన. రూము తలుపుకు బయట గొళ్లెం పెట్టి మొదటి స్క్రూ తిప్పుతున్న. లోపల వదిన ఆయన మణికట్లకు నూనె రాసుకుంట, నా దిక్కు చూడకుండనే అడిగింది.

"ఏమన్నడు నీతోని?"

"అవుతలాయన రావాలె అన్నడు."

"ఆ అవుతలాయన తోని నా పెండ్లయిన కాడి నుంచి తక్లీఫే" అన్నది వదిన. "కొత్తల ఒకనాడు పొద్దెక్కినా ఈయన ఇంటికి రాలే. నేను ఏడ్సుకుంట కూసున్న. ఏందంటే, పక్క బీటాయనకు జరమొచ్చి రాలేదంట. బీటు చివరన ఇద్దరు కలిసి డ్యూటీ రాసే బుక్కులు మార్చుకోవాలె, అప్పుడే ఎనకకు తిరగాలె. అవుతలోడు రాలేదంటే ఆపతిల ఉన్నడేమోనని, కలిసిందాంక ముందుకే పోవాలంట. పోయి పోయి ఘట్‌కేసర్‌ల తేలిండు."

నా చెయ్యి ఆగింది.

"వదినా, ఆయన పారిపోతలేడు."

"మరి?"

"ఎవరో రాలేదని దేవులాడుకుంట పోతున్నడు. మనమేమో ఎనకనుంచి ఉరుకుతున్నం. ఆయనకు మనిషి రావాల్సింది ముందల్నుంచి."

వదిన నూనె గిన్నె పక్కకు పెట్టింది. "ఇంకొక్కసారే" అన్నది. గొళ్లెం ఒక్క స్క్రూ మీద ఏలాడుతనే ఉన్నది.

మళ్ల వాన పడ్డనాడు నేను పట్టాల దిక్కు పోలే. రోడ్డు పట్టి తొక్కిన. ఆయన ఎక్కడున్నడో కనబడదు, కనబడకుండనే దాటిపోవాలె, అది నా పానం తీసింది. తొక్కే ఒక్కొక్క తొక్కుడుకు నేను ఆయనను ఎనక ఇడిచిపెట్టి పోతున్నట్టే ఉన్నది. ఒక కాడ రోడ్డు పక్కనుంచి పట్టాలు కనబడ్డయి. గూడ్సు బండి ఆగి ఉన్నది. ఎందుకాగిందో అని నేను సుత సైకిల్ ఆపిన. మౌలాలి గుట్ట మీది దర్గాకు మొక్కిన, మా ఇంటి దేవునికి మొక్కిన, ఎవరు డ్యూటీల ఉంటే వాళ్లే చూసుకోండ్రి అన్న. జెరసేపటికి సిగ్నల్ పడి బండి కదిలింది. నేను సుత కదిలిన.

ఘట్‌కేసర్ ఇవుతల రోడ్డు దిగి, బురద తొవ్వల పడ్డ. టైరు జారింది గని పడెయ్యలే. కాలువ కాడ సైకిల్‌ను భుజాన వేసుకొని దాటిన. పట్టాల పక్క కాలిబాట దొరికినంక హ్యాండిల్ మౌలాలి దిక్కు తిప్పి, వచ్చిన దిక్కే ఎదురుపోయిన.

వానల దూరంగ ఒక మనిషి. తల దించుకొని, పట్టాలు చూసుకుంట వస్తున్నడు. నేను సైకిల్ దిగి నడిపించుకుంట పోయిన. నన్ను చూసి ఆగిండు. ఆయన ఆగుడు నేను చూసుడు అదే మొదటిసారి.

"వచ్చినవా" అన్నడు.

"వచ్చిన."

"నీ దిక్కు ఎట్లున్నది?"

"అంత మంచిగున్నది. నీ దిక్కు?"

"మంచిగనే ఉన్నది" అని అంగి లోపలినుంచి ఒక బుక్కు తీసి ఇచ్చిండు. మా గ్యాస్ బుక్కు. నా సంచిల సైకిల్‌తోని ఇచ్చిన గ్యారంటీ బుక్కు ఉంటే అది ఆయన చేతుల పెట్టిన. తిప్పి చూసి, లోపల పెట్టుకున్నడు.

"ఇంట్ల అందరు మంచిగున్నరా?" అని అడిగిండు.

"ఉన్నరు. మీ ఇంట్ల?"

"మా తమ్ముడు బడి మానేసిండు" అన్నడు అన్న. "కొట్టిన సుత. పోనంటడు. ఎప్పుడు నవ్విస్తనే ఉంటడు, నవ్వుతోని బువ్వ దొరుకుతదా? ఎట్ల బతుకుతడో వాడు."

నేను వాన దిక్కు మొకం పెట్టిన. "బతుకుతడు తియ్యి" అన్న.

"పో మరి, నీ బీటుకు పో" అని ఆయన ఎనకకు తిరిగిండు. ఇంటి దిక్కు. క్యారియర్ మీద కూసో అని అడగబోయి ఊకున్న. అవుతలాయన అట్ల అడగడు. ఆయన కనబడినంతసేపు ఉల్టా దిక్కు నడిచి, ఆయన మలుపు తిరిగినంక దూరంనుంచి ఎనకనే పోయిన. ఆయన ఎక్కడ సుత ఆగలే. వదిన తలుపు తెరిచింది, ఆయన చెప్పులిడిచి, "డ్యూటీ అయింది" అని లోపలికి పోయిండు.

వదిన బయటికొచ్చి నా బురద కాళ్లు చూసింది, సైకిల్ చూసింది.

"ప్రతి వానకు పోతవా?"

"పోత."

"నీకు జరమొచ్చిననాడు?"

నేను సైకిల్ చెయినుకు పట్టిన బురద తుడుసుడు షురూ చేసిన. ఆమె లోపలికి పోయి స్క్రూడ్రైవర్ తెచ్చి నా చేతుల పెట్టింది. "గొళ్లెం తియ్యి. తలుపు తీస్తే సప్పుడయ్యేటట్టు ఏమన్న పెట్టు. మనకన్న తెలవాలె" అన్నది. గొళ్లెం తీసి గజ్జెల పట్టీ కట్టిన.

ఆ తర్వాత చానాసార్లు పోయిన. అన్నిసార్లు ఒకే తీరుగ జరగలే. మొన్న వానల చెయిను ఊడి, ఎక్కించుకునేసరికి ఆలస్యమైంది. నేను పోయేసరికి ఆయన ఘట్‌కేసర్ దాటి అవుతలికొచ్చిండు. మోకాళ్ల దాంక బురద, పెదవులు నీలంగ ఉన్నయి. బుక్కు చాపితే తీసుకోలే.

"లేటయింది" అన్నడు. "నువ్వు రాకుంటే నేను ఇంక ముందుకు పోవాలె గదా."

"చెయిను ఊడింది."

"నాకు కాళ్లు నొస్తున్నయి."

అంతకుముందు ఎన్నడు ఆ మాట అనలే. "రేపటి నుంచి తొందరగొస్త" అన్న.

ఆయన నా మొకం దిక్కు చానాసేపు చూసిండు, ఈ మనిషిని నమ్మొచ్చునా లేదా అన్నట్టు. వాన ఆయన కండ్లలకెళ్లి కారుతున్నది. నేను మళ్ల చెప్పిన, తొందరగొస్త అని. అప్పుడు బుక్కు తీసుకున్నడు.