చెంప మేస్త్రి

రంగు వేశాక పనితనం చూపించే మేస్త్రీలు బోలెడుమంది ఉంటారు. మా చెంప మేస్త్రి రంగు వేయకముందే చూపించేవాడు. పాత తలుపుని ఎమరీ కాగితంతో రుద్ది రుద్ది, ఇక చాలనిపించాక అరచేత్తో ఒకసారి తడిమేవాడు. ఆ తర్వాత కళ్ళు మూసుకుని చెక్కకి చెంప ఆనించేవాడు. "చెయ్యి కాయలు కాసిపోయిందన్నా. దానికి అబద్ధాలు చెప్పడం అలవాటైంది. చెంపకి ఇంకా రాలేదు" అనేవాడు నాతో. చెంపకి గరుకు తగిలిందో, మళ్ళీ మొదటి నుంచీ రుద్దుడే.

ఆ పేరు విని కొత్తవాళ్ళు ఎవరినో కొట్టే మనిషేమోనని జంకేవాళ్ళు. ఆయన గట్టిగా ఈగను కూడా తోలలేడు. ఎవరేమన్నా నవ్వి ఊరుకునేవాడు. మంచితనమనుకున్నాం మేమంతా. ఆ ఊరుకోవడమే ఎంత కొంప ముంచిందో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

నాది రంగుల కొట్టు. పదిహేడేళ్ళుగా ఆయనకి ఎమరీ కాగితాలూ, లప్పమూ, బ్రష్షులూ ఇచ్చింది నేనే. కాబట్టి ఈ కథలో నేను గట్టున నిలబడి చూసినవాణ్ణని ఎవరూ అనుకోవద్దు.

పెళ్ళైన తొమ్మిదేళ్ళకి ఆ ఆలుమగలు సొంతంగా ఒక ఇల్లు తీసుకున్నారు. పోస్టాఫీసు వెనక వీధి మలుపులో ఉంటుంది. అరవై ఏళ్ళ నాటిది. కప్పు గట్టిదే, గోడలు ఫరవాలేదు. కానీ తలుపులూ కిటికీలూ కలిపి పంతొమ్మిది. అద్దెకొచ్చిన ప్రతివాడూ తనకి నచ్చిన రంగు పూసి పోయాడు. పైన గోధుమరంగు, దాని కింద ముదురు ఆకుపచ్చ, ఆ కింద ఎరుపు, అన్నిటికన్నా అడుగున ఏదో మీగడ రంగు. పొరలు ఊడి, కిటికీ కింద పెంకుల్లా రాలుతుండేవి. వేరేవాళ్ళు చూసి పారిపోయిన ఇల్లు అది. మేస్త్రి మాత్రం ఆ తలుపులు చూసి మురిసిపోయాడు. "చెక్క బంగారమన్నా. పైనున్న చెత్త తీస్తే చాలు" అన్నాడు.

పని తొందరగా ముగించాలనుకున్నాడు, ఎందుకంటే ఆయన భార్యకి అప్పుడు నాలుగో నెల. బడిపిల్లల బట్టలు కుట్టే మనిషి ఆవిడ. నన్ను అన్నయ్యగారూ అంటుంది. ఎక్కువ మాట్లాడదు, కానీ అన్న మాట అతుకేసినట్టు నిలుస్తుంది. అంతకుముందు రెండుసార్లు ఆవిడకి కడుపు పోయింది. ఒకసారి మూడో నెలలో, ఒకసారి ఐదో నెలలో. అద్దె గదిలో గాలీ వెలుతురూ లేక అలా అయిందేమోనని ఆవిడకో అనుమానం. పుట్టబోయే బిడ్డకి కిటికీ ఉన్న గది కావాలని ఆవిడే పట్టుబట్టి ఈ ఇల్లు కొనిపించింది.

మేస్త్రి అక్కకి మాత్రం ఏ అనుమానమూ లేదు. ఆవిడ రెండు వీధుల అవతల ఉంటుంది. తల్లి పోయాక తమ్ముణ్ణి పెంచింది తనే కాబట్టి, వాడి ఇంట్లో ఏమన్నా చెల్లుతుందనుకునే మనిషి. "మావాడు ముట్టుకుంటే పుచ్చిన చెక్క కూడా నిలబడుతుంది. ఈ అమ్మాయి కడుపే నిలబడదు" అని నా కొట్టులోనే, నలుగురూ వింటుండగా అంది ఒకసారి. మరదలు అక్కడే ఉంది. మేస్త్రి కూడా ఉన్నాడు. గోళ్ళలో ఇరుక్కున్న రంగు గీక్కుంటూ నిలబడ్డాడు. నాకు ఒళ్ళు మండింది, కానీ వాళ్ళ ఇంటి గొడవ నాకెందుకని నేనూ ఊరుకున్నాను.

సరే, అద్దె గది ఖాళీ చేసి కొత్తింట్లో దిగగానే పని మొదలైంది. పగలు ఊళ్ళో పనులు, సాయంత్రాలూ సెలవు రోజులూ సొంతిల్లు. ఆయన తలుపులు రుద్దుతుంటే ఇల్లంతా ఎర్రగా, పచ్చగా దుమ్ము లేచేది. ఆవిడ చీపురు పట్టుకుని వెనకాలే ఎత్తేది. ముక్కుకి గుడ్డ కట్టుకోమ్మా అంటే, ఊపిరాడటం లేదు అన్నయ్యగారూ అని తీసేసేది. ఒకరోజు నేను వెళ్ళేసరికి, బిడ్డ కోసం అనుకున్న గది తలుపుకి ఇద్దరూ చెరో పక్కా చెంపలు ఆనించి ఉన్నారు. "ఇంకా గరుకుగానే ఉంది" అంటోంది ఆవిడ. "అది చెక్క కాదు, నీ చెంప" అంటున్నాడు ఆయన. ఇద్దరి మొహాలకీ ఒకవైపు ఆకుపచ్చ పొడి. వాళ్ళని అంత సంతోషంగా నేను అంతకుముందు చూడలేదు.

ఇక నా ఘనకార్యం. ఆ మధ్య రంగుల కంపెనీవాళ్ళు కొట్లవాళ్ళందరినీ పిలిచి భోజనం పెట్టారు. భోజనమయ్యాక ఒకాయన పాత రంగుల గురించి చాలాసేపు చెప్పాడు. చల్లటి హాలు, నిండిన పొట్ట. నేను హాయిగా కునుకు తీశాను. వచ్చేటప్పుడు మేస్త్రీలకి పంచమని తలా ఒక కట్ట కాగితాలు ఇచ్చారు. కాగితం మందంగా ఉంది. మేకులు పొట్లం కడితే చిరగదు కదా అని గల్లాపెట్టె కింద పెట్టుకున్నాను. రెండు నెలలు వాటిలోనే మేకులూ మరలూ చుట్టి ఇచ్చాను. ఒక్కటి కూడా చదవలేదు.

మేస్త్రి భార్య చదివింది. పొట్లం విప్పితే ఆ కాగితం చదవకుండా పారేయడం ఆవిడకి చేతకాదు.

మధ్యాహ్నం పూట నడుచుకుంటూ వచ్చింది, ఆరో నెల కడుపుతో. నలిగిన కాగితాన్ని బల్ల మీద పరిచి, అరచేత్తో ఇస్త్రీ చేసినట్టు సాపు చేసింది.

"అన్నయ్యగారూ, ఇది మీరు చదివారా?"

పాత రంగుల్లో సీసం ఉంటుందని రాసి ఉంది అందులో. పొడిగా రుద్దవద్దు, తడిపి రుద్దాలి. ఆ దుమ్ము ఒంట్లోకి పోతే విషం. గర్భిణులూ చిన్నపిల్లలూ ఆ దరిదాపుల్లో ఉండకూడదు. పని బట్టలు ఇంటికి తీసుకెళ్ళకూడదు.

"చదవలేదమ్మా" అన్నాను. "వాళ్ళు చెప్తుంటే నిద్రపోయాను."

అబద్ధమాడితే బాగుండేదని అప్పుడనిపించింది. ఆవిడ నన్నేమీ అనలేదు. నా మొహం వంక చూసి, "డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్తారా?" అంది. మేస్త్రిని పని దగ్గర్నుంచి పిలిపించి, ఇద్దర్నీ నా వ్యానులోనే తీసుకెళ్ళాను.

ఇద్దరి రక్తమూ తీసి పెద్ద ఊరికి పంపారు. ఫలితం రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులూ మేస్త్రి పనికి పోలేదు. కొట్టు మెట్ల మీద కూర్చుని వచ్చేపోయే బళ్ళను చూస్తుండేవాడు. అప్పుడు గమనించాను, టీ గ్లాసు పట్టుకుంటే ఆయన చెయ్యి సన్నగా వణుకుతోంది. ఏళ్ళ తరబడి వణుకుతూనే ఉందట. టీ ఎక్కువై అనుకున్నాడట.

ఫలితాలు వచ్చిన రోజు డాక్టరమ్మ ముందు ఆవిడతో మాట్లాడింది. ఉండాల్సినదానికన్నా ఎక్కువే ఉంది, భయపడి లాభం లేదు, ఈ రోజు నుంచే ఆ ఇంట్లో అడుగుపెట్టవద్దు, మందులు రాస్తాను, పరీక్షలు చేస్తూ ఉంటాను అంది. తర్వాత రెండో కాగితం తీసి మేస్త్రి వంక చూసింది. ఆవిడకి ఉన్నదానికి మూడింతలు ఉంది ఆయన రక్తంలో.

"ఇది రెండు నెలల్లో వచ్చింది కాదు. పని బట్టలతోనే ఇంటికొస్తారా మీరు?"

"అవునండీ."

"వాటిని ఎవరు ఉతుకుతారు?"

మేస్త్రి నోరు తెరిచేలోపే ఆవిడ చెప్పింది. "నేనేనండీ. ఉతికేముందు బాగా దులుపుతాను. తొమ్మిదేళ్ళుగా."

ఆవిడే మళ్ళీ అడిగింది. "ముందు రెండుసార్లు పోయాయండీ. ఇందువల్లేనా?"

"ఇందువల్లే అని నేను చెప్పలేనమ్మా. కాదని కూడా చెప్పలేను" అంది డాక్టరమ్మ.

ఆవిడ తలూపింది. చేతిసంచీ భుజానికి తగిలించుకుని లేచింది. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు.

కొట్టు పైన మాకో గది ఖాళీగా ఉంది. మా ఆవిడ దాన్ని కడిగి, కుట్టుమిషను పెట్టించి, ఆవిణ్ణి అందులో దింపింది. నాతో మాత్రం నాలుగు రోజులు మాట్లాడలేదు. న్యాయమే. నేను ఆ కాగితాల కట్ట తీసి గల్లాపెట్టె మీద పెట్టి, వచ్చిన ప్రతి మేస్త్రికీ చదివి వినిపించాను. కొందరు నవ్వారు. అది వినందే సరుకు ఇవ్వనని మొండికేశాను. ఇప్పటికీ అంతే.

మేస్త్రి రోజూ సాయంత్రం వచ్చేవాడు. కొట్టు వెనక కుళాయి దగ్గర స్నానం చేసి, ఉతికిన బట్టలు కట్టుకుని, అప్పుడు మెట్లెక్కేవాడు. పైకెళ్ళి గుమ్మంలోనే కూర్చునేవాడు. ఆవిడ మిషను ఆపేది కాదు. అలా ఓ వారం గడిచింది.

ఒక సాయంత్రం నేను మందులివ్వడానికి పైకెళ్ళేసరికి ఆయన తల వంచుకుని ఏడుస్తున్నాడు. "నాకు తెలిస్తే ఆ బట్టలు నీ చేతికిస్తానా? దేవుడి మీద ఒట్టు, నాకు తెలీదు."

"దుమ్ము సంగతి మీకు తెలీదు" అంది ఆవిడ, దారం పళ్ళతో కొరికి తెంపుతూ. "దానికి మిమ్మల్ని ఏమీ అనను. వదిన మాటలు మాత్రం మీకు వినబడ్డాయి కదా."

మందులు గుమ్మంలో పెట్టి నేను దిగొచ్చేశాను. నా కొట్టులోనే అన్న మాట నాకూ వినబడింది మరి.

తర్వాత నాలుగు రోజులకి అక్క వచ్చింది. ఊరంతా తిరిగి తిరిగి, ఆఖరికి ఆవిడ చెవిన పడింది సంగతి. ఆయాసపడుతూ మెట్లెక్కి, కూర్చోకుండానే మొదలుపెట్టింది. "సొంతిల్లు పెట్టుకుని ఇంకొకళ్ళ మేడ మీద ఏమిటే ఈ కాపురం? అసలు నీ కడుపు సంగతి తెలిసి కూడా నిన్ను చీపురు ఎవరు పట్టమన్నారు? ఈసారి కూడా ఏమైనా అయితే మా తమ్ముడు…"

"అక్కా, ఆగు."

మేస్త్రి గొంతు పెంచగా నేను విన్నది అదే మొదలు. కింద కొట్టులో ఉన్నవాళ్ళు కూడా తలలెత్తారు.

"దాని కడుపుకి ఏ రోగమూ లేదు. నా చొక్కాలకి ఉంది. దులిపీ దులిపీ అది ఆ విషం పీల్చింది. ఆ రెండూ నా వల్లే పోయాయేమో. నువ్వు దాన్ని అంటుంటే నేను గోళ్ళు గీక్కుంటూ నిలబడ్డాను. ఇక అనకు. ఇంకొక్క మాట అన్నావా, నాకు అక్క లేదనుకుంటాను."

అక్క తమ్ముడి వంక, మరదలి వంక మార్చి మార్చి చూసి, గోడవారగా ఉన్న స్టూలు మీద కూలబడింది. మిషను చప్పుడు ఆగింది. మేస్త్రి భార్య లేచి, కుండలోంచి మంచినీళ్ళు వంచి ముందు వదినకి ఇచ్చింది, తర్వాత మొగుడికి ఇచ్చింది. ఆ రోజు ఆయన గుమ్మం దాటి లోపల కూర్చున్నాడు.

ఇంటి పని ఆయన వదల్లేదు. నీళ్ళు చల్లి, తడిపి, మూతికి తొడుగు పెట్టుకుని, చెత్తంతా సంచుల్లో మూటకట్టి, నేల ముమ్మారు కడిగాడు. ఒక్కడే చేశాడు. తలుపులకి చెంప ఆనించడం మానేశాడు. నునుపు చూడటానికి తడిగుడ్డ వాడాడు. బిడ్డ గది తలుపు మీద అక్కడక్కడా గరుకు ఉండిపోయింది. నేను చెప్తే, ఉండనీయన్నా అన్నాడు.

పాప నెల ముందుగా పుట్టింది. సన్నగా, కోడిపిల్లంత ఉంది, కానీ ఏడుపు గట్టిగానే ఉంది. దాని రక్తం కూడా తీసి పంపారు. జవాబు ఇంకా రాలేదు. కొన్నేళ్ళు కనిపెట్టుకుని ఉండాలి, ఎదుగుదల చూస్తూ ఉండాలి అని డాక్టరమ్మ ముందే చెప్పింది.

నేనూ మేస్త్రీ ఆస్పత్రి గదిలోకి వెళ్ళేసరికి అక్క మంచం పక్కనే కూర్చుని ఉంది. ముందు నేనెత్తుకుంటానని చేతులు చాచలేదు. తమ్ముణ్ణి చూసి లేచి పక్కకి జరిగింది.

మేస్త్రి భార్య పాపని గుడ్డలో సర్ది మొగుడి వైపు ఎత్తి పట్టుకుంది. "చూడండి, నునుపు సరిపోయిందో లేదో."

ఆయన వంగాడు. చెంప పాప చెంపకి జానెడు దూరంలో ఉందనగా ఆగిపోయాడు.

"మొహం కడుక్కుని వస్తాను."

"కడుక్కునే కదా వచ్చారు."

"ఇంకోసారి" అన్నాడు, నడవా చివర ఉన్న కుళాయి వైపు వెళ్తూ.

నీళ్ళ చప్పుడు చాలాసేపు వినబడింది. నేను వెళ్ళి చూశాను. సబ్బుతో ఒకవైపు చెంపే రుద్దుకుంటున్నాడు. అది ఎర్రగా కందిపోయింది. "మేస్త్రీ, చాలయ్యా" అని కుళాయి కట్టబోయాను. నా చెయ్యి పక్కకి తోసేసి మళ్ళీ సబ్బు అందుకున్నాడు. గదిలో ఆవిడ పాపని అలాగే ఎత్తి పట్టుకుని, గుమ్మం వంక చూస్తోంది.