ఉంగరపు వేలి జాగా

నా రిటైర్మెంటుకు నాలుగేళ్ళ ముందు, మే నెలలో, గాత్రం సర్టిఫికెట్ పరీక్షలకు నన్ను దిల్‌సుఖ్‌నగర్ కేంద్రంలో ప్రధాన పరీక్షకురాలిగా వేశారు. సహ పరీక్షకులు శర్మగారు. మార్కులు సిరాతో వేస్తాం. ఒకసారి వేశాక మార్చాలంటే కారణం రాసి ఇద్దరమూ సంతకం పెట్టాలి.

మూడో రోజు వచ్చినవాళ్ళంతా కాలేజీ పిల్లలు. ఎక్కువమంది మా కోస్తావైపు ఇళ్ళవాళ్ళే. వాళ్ళ మధ్య నలభై దాటిన యాదగిరి కూర్చున్నాడు. నల్గొండ మనిషి, అల్మాస్‌గూడలో టైల్స్ పరిచే మేస్త్రీ. రోజూ పొద్దున్నే చంపాపేట్‌లో ఒక టీచరమ్మ దగ్గర పాఠం చెప్పించుకుని పనికి పోతాడట. దరఖాస్తులో వృత్తి చూసి శర్మగారు నావైపు ఒక చూపు చూశారు. నేనూ నవ్వాను. అబద్ధమెందుకు, భజనలు తప్ప ఇతనికేం వస్తాయిలే అనుకున్నాను.

మోహన రాగంలో ఆదితాళ వర్ణం అడిగాను. వర్ణాన్ని మొదట నిదానంగా, తర్వాత రెట్టింపు వేగంతో పాడాలి. చేత్తో వేసే తాళం మాత్రం మారకూడదు. ఆ తాళంలో ఒక దెబ్బ వేసి, చిటికెన వేలు, ఉంగరపు వేలు, మధ్య వేలు వరసగా లెక్కపెడతారు. బల్ల ఇవతల్నుంచి చూస్తే, యాదగిరి ప్రతిసారీ ఉంగరపు వేలు ఎగ్గొడుతున్నట్టుంది. కాసేపు చూసి, తాళానికి సున్నా వేసి, మధ్యలోనే ఆపేశాను.

"తాళం రాకుండా పరీక్షకెలా వచ్చావయ్యా? మూడో లెక్క ఏదీ?" అని గదిమాను.

అతను చెయ్యి చాపాడు. "ఆ వేలు లేదు మేడం. టైల్ కోసే మిషన్ల పోయింది. దాని జాగ మాత్రం ఇడిసిపెడుతున్న. జర చూడుండ్రి."

నాకు తల కొట్టేసినట్టయింది. చేతిని చూస్తూ పాట వినడమే మానేశాను! మళ్ళీ మొదటి నుంచి పాడమని కళ్ళు మూసుకుని విన్నాను. రెండు వేగాల్లోనూ ఒక్క అక్షరం అటూ ఇటూ కాలేదు. అబ్బ, ఏం లయ! సున్నా కొట్టేసి, పూర్తి మార్కులు వేసి, కారణం దగ్గర "పరీక్షకురాలి పొరపాటు" అని రాశాను. శర్మగారు నొచ్చుకుంటూనే సంతకం పెట్టారు.

అయితే పై స్థాయిలో అతని శ్రుతి జారింది. అక్కడ మార్కులు చాలక తప్పేలా ఉన్నాడు. శర్మగారు గొంతు తగ్గించి, "పోనీలెండి, పాపం, కష్టపడ్డాడు. నాలుగు మార్కులు కలిపేద్దాం" అన్నారు.

యాదగిరి చెవిన పడింది. "గట్ల వద్దు సార్. ఫెయిలైతే మల్ల ఒస్త. ఏడ తప్పిందో చెప్పుండ్రి, సాలు."

పాసై ఏం చేస్తావని అడిగాను. "ఏం జేస్త మేడం? మంచిగ పాడాలె, గంతే."

ఎక్కడ తప్పిందో పాడినవాళ్ళకి చెప్పకూడదన్నది నిబంధన. అయినా, పై గాంధారం దగ్గర జారుతున్నావని పాడి మరీ చూపించాను. ఆ ఏడాది అతను తప్పాడు. మరుసటి ఏడు వేరే పరీక్షకుల ముందు పాడి ఫస్ట్ క్లాసులో పాసయ్యాడని తెలిసి, ఇంట్లో అందరికీ చెప్పుకున్నాను.

సంగీతం మా ఇళ్ళ సొత్తని అంతవరకూ నమ్మాను. తనను తాను దిద్దుకునే ఓపిక ఎవరికుంటే వాళ్ళదది. ఆ తర్వాత రిటైరయ్యే దాకా, తప్పిన ప్రతి మనిషికీ ఎక్కడ తప్పాడో చెప్పే పంపాను. మెమో వస్తే రానీ అనుకున్నాను, రాలేదు.