వెనక సీటు అలవాటు

మా ఆసుపత్రి రిసెప్షన్‌లో కూర్చునే సౌదీ అమ్మాయికి లైసెన్సు వచ్చింది, కారూ వచ్చింది, రోడ్డెక్కే ధైర్యమే రాలేదు. వాళ్ళమ్మ కాలంలో ఇక్కడ ఆడవాళ్ళు స్టీరింగ్ ముట్టుకున్న పాపాన పోలేదు. ఈ పిల్ల అన్ని పర్మిషన్లూ ఉండీ బండి తియ్యదు. చివరికి ఆ గురువారం పొద్దున వాళ్ళ నాన్నే కారు తెచ్చి మా పార్కింగులో పెట్టి, "సాయంత్రం నువ్వే ఇంటికి నడుపుకుని రా. లేదంటే కారు నీ తమ్ముడిది," అనేసి టాక్సీలో వెళ్ళిపోయాడు.

నాకు ఒళ్ళు మండింది. "తమ్ముడా? వాడి మొహం! పద, నేనుంటాను," అన్నాను. నాకు సైకిలు కూడా రాదు, అది వేరే సంగతి.

డ్యూటీ అయ్యాక వెళ్ళి ఠీవిగా వెనక తలుపు తీసుకుని, బ్యాగు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. పదకొండేళ్ళుగా ఈ దేశంలో ఏ కారెక్కినా వెనకే కదా! ఎంతకీ బండి కదలదు.

"సిస్టర్, నేను నీ డ్రైవర్నా?" అంది అద్దంలోంచి గుర్రుగా చూస్తూ.

అయ్యో నా మతి మండ! దిగి ముందుకొచ్చాను. ఇద్దరం కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వుకున్నాం. ఆ నవ్వుతోపాటే సగం భయం పోయినట్టుంది, బండి కదిలింది.

వాళ్ళిల్లున్న అల్ అజీజియా వైపు వెళ్ళే రౌండెబౌట్ దగ్గర మళ్ళీ ఆగిపోయింది. వెనక ఒకటే హారన్లు. "పోనీయవే తల్లీ!" అని అచ్చ తెలుగులో అరిచాను. ఏమర్థమైందో, పోనిచ్చేసింది! కానీ బయటికి రావడం తెలీక మూడుసార్లు తిరిగాం. ఆ పిల్ల బిస్మిల్లా అని, నేను యేసయ్యా అని. మూడోసారికి ఇద్దరం పగలబడి నవ్వుతూ ఎలాగో బయటపడ్డాం.

వాళ్ళింటి గేటు దగ్గర వాళ్ళ నాన్న నిలబడి ఉన్నాడు. కారాగగానే తిన్నగా డ్రైవర్ తలుపు దగ్గరికొచ్చి చెయ్యి వేశాడు. ఇక దిగమంటాడనుకున్నాను. అమ్మాయి స్టీరింగ్ వదల్లేదు. "నేనే నడిపాను, బాబా," అంది.

ఆయన తలుపు మీంచి చెయ్యి తీసేశాడు. పెద్దాయన కదా, ముందు సీటు ఇద్దామని నేను గబగబా బెల్టు తీయబోయాను. వద్దని చేత్తో ఆపి, వెనక తలుపు తీసి, మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు.

"సిస్టర్‌ని హాస్టల్లో దింపుదాం, పోనియ్ బిడ్డా," అన్నాడు.