బీరువాలో పెసర మొక్కలు

రాజుపాలెం దగ్గర బడిలో నేను ఏడో తరగతికి సైన్సు చెప్తాను. మొక్కలకు వెలుతురు ఎందుకు కావాలో చూపిద్దామని పిల్లల చేత రెండు టీ కప్పుల్లో పెసలు నాటించాను. ఒక కప్పు కిటికీలో, రెండోది బీరువాలో; దాన్ని బయటికి తీయొద్దని చెప్పాను. నీళ్ళు పోసే పని క్లాస్ లీడర్ షాహీనాది. ఈ రోజు అందరి ముందూ బీరువా తెరిస్తే, లోపలి మొక్కలు కూడా పచ్చగా ఉన్నాయి!

"ఏందమ్మా ఇది?" అన్నాను.

షాహీనా తల వంచుకుంది. "నాలుగు రోజులకే తెల్లంగా పాలిపోయినయి టీచర్. చూడలేక రోజూ అన్నం బెల్లుకి ఎండలో పెట్టా. మళ్ళీ పచ్చబడినయి. చీకట్లో ఉంటే పాడైపోతయ్యని మీరే చెప్పారు గదా. తెలిసి తెలిసి ఎట్టా ఉంచేది?"

ముందు కోపం వచ్చింది. తర్వాత ఆలోచిస్తే, మొక్క పాలిపోవడం వరకే నేను చూపించాలనుకున్నాను. ఈ పిల్ల అది తేరుకోవడం కూడా చూసింది. బోర్డు దగ్గరికి పిలిచి పాఠం తన చేతే చెప్పించాను. నేను చెప్పినప్పుడు కూడా క్లాసు అంత బుద్ధిగా వినలేదు.

పదికి పది మార్కులు వేశాను. చెప్పిన మాట విననందుకు కోయాల్సిందనే టీచర్లుంటే కామెంట్లలోకి రండి, తేల్చుకుందాం.