చెంగల్రాయశెట్టి సాక్ష్యం

పాకాలలో బెల్లం మండీ నడిపే చెంగల్రాయశెట్టికి ఊళ్లో పేరంతా ఒక్క సాక్ష్యంతో వచ్చింది. 1976లో చెరకుతోటలో గోవిందరెడ్డిని ఎవరో నరికి చంపారు. పొద్దుగూకే వేళ రోడ్డు మీద నుంచి చూశానని, పారిపోయినవాడు కౌలురైతు మునిరామయ్యేనని శెట్టి చిత్తూరు కోర్టులో చెప్పాడు. వేరే సాక్షులు లేరు. మునిరామయ్యకు యావజ్జీవ శిక్ష పడింది.

ఆ రోజు నుంచి శెట్టి నడకే మారిపోయింది. ఇన్‌స్పెక్టరు తనకు కుర్చీ వేయించిన సంగతి అడగనివాళ్లకు కూడా చెప్పేవాడు. నిజానికి పెళ్లిపత్రికను ముక్కుకు ఆనించుకుని చదివే మనిషి.

అయిదేళ్లకు తల్లి చనిపోతే మునిరామయ్య పెరోల్ మీద వచ్చాడు. కర్మాంతరానికి బెల్లం కావాలని పట్టపగలు నేరుగా శెట్టి అంగడికే వెళ్లాడు.

"రాప్పా, యా వూరు మీది? ఎప్పుడూ సూసినట్టు లేదే" అన్నాడు శెట్టి.

అంగడిలో బేరాలాడుతున్న నలుగురమూ తలలు తిప్పి చూశాం.

"అంత దూరం నుంచి గుర్తుపట్టినావు గదా శెట్టీ, ఈడ మూరెడు దూరంలో నిలబడితే తెలీలేదా?" అన్నాడు మునిరామయ్య.

శెట్టి మొహం మాడిపోయింది. "అప్పుడు నీకు మీసముండె" అని గొణిగాడు.

మునిరామయ్య బెల్లం తీసుకోకుండానే వెళ్లిపోయాడు. గడువు నాటికి మళ్లీ జైలుకు చేరాడు. ఆ మాట చెప్పుకుని ఊరంతా నెలరోజులు నవ్వింది. చిత్తూరుకు పోయి వకీలుతో చెప్పినవాడు మాత్రం ఒక్కడూ లేడు. శెట్టితో వ్యాపారం ఉందని నేనూ పోలేదు.